ఓవెన్‌లో ఆరిన కొండ

కొండవాలు కాలనీకి అక్కడి నేల అన్ని విధాలా యోగ్యమైనదని మట్టి పరీక్షా కేంద్రం ధ్రువీకరించిన విషయం పాఠకులకు విదితమే. దాని వెనక జరిగిన కృషి మాత్రం పత్రికలకెక్కలేదు.

అందులో సగం కృషి ల్యాబ్ అసిస్టెంటమ్మది. పద్దెనిమిదేళ్ళుగా మట్టి పిసుకుతున్న మనిషి. ఆ కొండ ఒకప్పటి లావా; వానలకు చివికి చివికి ఎర్ర బంకమట్టి అయింది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే దాచుకున్న నీళ్ళన్నీ కక్కి జారిపోతుంది. ఆవిడ మట్టిని తవ్వి తెచ్చినప్పటి తడితోనే పరీక్షించి, అక్కడ ఇళ్ళు కట్టడం ప్రమాదమని రాసింది.

పెద్ద ఇంజనీరుగారు నొచ్చుకున్నారు. ప్రారంభోత్సవం తేదీ అప్పటికే ఖరారైంది. నమూనాని ఒక రోజంతా ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ చూడమని సలహా ఇచ్చారు.

"ఎండితే దీని గుణమే మారిపోతుంది సార్. మళ్ళీ తడిపినా మునుపటిలా అవదు. కొండని ఓవెన్‌లో పెట్టలేం కదా."

"కొండ సంగతి ప్రభుత్వం చూసుకుంటుందమ్మా. మీరు నమూనా సంగతి చూడండి."

ఆరిన మట్టి బంకతనం మానేసి బుద్ధిగా ఇసుకలా రాలింది. అంకెలు అద్భుతంగా వచ్చాయి. ఆవిడ సంతకం పెట్టనంది. సంతకం అక్కర్లేని ఫారం ఒకటుందని అందరికీ అప్పుడే తెలిసింది. ఆరోగ్య కారణాల రీత్యా ఆవిణ్ణి పాత రికార్డుల గదికి మార్చారు.

కాలనీ లేచింది. ఈ నేల మన ప్రజల్లాంటిదని, ఎంత బరువు మోపినా నోరెత్తదని మంత్రిగారు ప్రసంగించారు. చప్పట్లు మోగాయి.

రెండో వానాకాలంలో నేల నోరెత్తింది. గోడలు నిలువునా చీలాయి, తలుపులు మూసుకోవడం మానేశాయి, కింది వరస ఇళ్ళు మూరెడు దిగాయి. మట్టి నివేదికకు విరుద్ధంగా ప్రవర్తించిందని విచారణ సంఘం తేల్చి, దాన్ని తీవ్రంగా మందలించింది.

కింది వరసలో పసిపిల్లలున్నారని విని ఆవిడ ఉండబట్టలేకపోయింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని, తన మొదటి నివేదిక పట్టుకుని కాలనీకి వెళ్ళింది. కాలనీవాసుల సంఘం అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, కూర్చోబెట్టి టీ ఇచ్చి రెండుసార్లు చదివాడు. వచ్చే వానల్లోగా అందరూ ఖాళీ చెయ్యాలని ఆవిడ బతిమాలింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పకుండా వెళ్ళిపోతామమ్మా. ఒక్క ఆర్నెల్లు ఈ మాట బయటికి రానీకండి. అందరం ఇళ్ళు అమ్మకానికి పెట్టాం."

ఇప్పుడావిడ సెలవురోజుల్లో కాలనీ గేటు దగ్గర నిలబడి, ఇళ్ళు చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ కొనొద్దని చెబుతోంది. వాళ్ళు తెలివైనవాళ్ళు. ఇల్లు తనే కొట్టెయ్యాలని చూస్తోందని గ్రహించి, బేరం ఆ పూటే ఖాయం చేసుకుపోతున్నారు.