పాటకు ముందు పదిహేను సెకన్లు

అయ్యలారా, అమ్మలారా! ఫోన్లో పాట పెట్టగానే ముందుగా వచ్చి కూర్చునే ప్రకటనను మీరు తిట్టుకుంటున్నారని నాకు తెలుసు. ఇకమీదట తిట్టకండి. పాపం తగులుతుంది! ఈ కాలంలో మనిషికి ఉచితంగా దక్కిన ఒకే ఒక్క వరం అది. నన్నడిగితే ప్రకటనే అసలు సరుకు, వెనకాల వచ్చే పాట కొసరు.

నవ్వకండి. ఊళ్లో గొడ్లు కాసి, పట్నంలో ఎకనామిక్స్ చదివినవాణ్ణి నేను. రెండు వైపుల నుంచీ ఆలోచించే చెబుతున్నాను.

ఒకప్పుడు నేనూ పాటలు కొన్న అమాయకుణ్ణే. క్యాసెట్ కొన్నాను, టేప్‌రికార్డర్ నమిలేసింది. సీడీలు కొన్నాను, వాటిని తిప్పే డబ్బా లోకంలోంచే మాయమైంది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో ఒక్కో పాటా విడివిడిగా కొని డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఒకనాడు ఆ కంపెనీవాళ్లు 'ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు' అని మెయిల్ పెట్టి దుకాణం కట్టేశారు. నా పాటలు కూడా అందులోనే ఉండిపోయాయి! బేగంబజార్‌లో ఇత్తడి బిందె కొన్నామనుకోండి. ఆ సేటు దుకాణం మూసేసిన రోజున మన ఇంటికొచ్చి బిందె ఎత్తుకుపోతాడా? పోడు. బిందెల వ్యాపారం ఇంకా అంత వెనకబడి ఉంది!

ప్రకటన మాత్రం నన్ను ఏనాడూ విడిచిపోలేదు. ఫోన్ మార్చాను, వచ్చింది. నంబర్ మార్చాను, వెతుక్కుంటూ వచ్చింది. మన చుట్టాల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారు?

ఆరోగ్యం సంగతి చూడండి. నాకు యాభై ఎనిమిదేళ్లు. కూర్చుంటే లేవని మనిషిని. ఇప్పుడు ప్రకటన రాగానే కుర్చీలోంచి లేస్తాను, మంచినీళ్లు తాగుతాను, వంటింట్లోకి ఒకసారి తొంగిచూస్తాను, పాట మొదలవగానే వచ్చి కూలబడతాను. గంటకు పదిసార్లు! మొన్న డాక్టర్ నా కాళ్లు వంచి చూసి, "యోగా చేస్తున్నారా?" అని అడిగాడు. "లేదు సార్, ఉచిత ఖాతా" అన్నాను.

నా మేనల్లుడు ప్రణీత్ ఫోన్లో ఏదో తుపాకుల ఆట ఆడతాడు. రోజుకు ముప్పైసార్లు చస్తాడు. చచ్చిన ప్రతిసారీ 'ప్రకటన చూడు, ప్రాణం ఇస్తాం' అంటుంది ఆట. అర నిమిషం చూస్తాడు, లేచి తుపాకి పట్టుకుంటాడు. యమధర్మరాజు దగ్గర ఇలాంటి స్కీమ్ ఉందా? ఎవరైనా వెళ్లి కనుక్కుని రండి!

ఇక, మన మాట వినే దిక్కెవరు చెప్పండి? మోకాళ్లు పట్టేస్తున్నాయని ఒకరోజు మా ఆవిడ మహేశ్వరితో అన్నాను. ఫోన్‌తో అనలేదు. సాయంత్రానికల్లా ఫోన్లో మోకాళ్ల నూనె ప్రకటన! ముప్పై ఏళ్ల కాపురంలో మహేశ్వరి చెవికెక్కని బాధ, ఫోన్‌కి ఒక్క పూటలో ఎక్కింది.

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే సుల్తాన్ సంగతి వినండి. సుల్తాన్ అంటే నవాబు కాదు, మా ఎదురింటి దున్నపోతు.

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో మేముంటాం. మా గుమ్మానికి ఎదురుగా కొండల్ పాల డెయిరీ. వాళ్లది తాతల నాటి నుంచీ పాడి ఇల్లు. దీపావళి వెళ్లిన రెండో రోజున ఇక్కడ పాడి ఇళ్లవాళ్లు సదర్ చేస్తారు. దున్నపోతులకు స్నానం చేయించి, నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టెడ కట్టి ఊరేగిస్తారు. పెద్దల పందిరి ముందుకు రాగానే దున్న ముందుకాళ్లు రెండూ పైకెత్తి, వెనకకాళ్ల మీద నిలబడి సలాం చేయాలి. చేసిందా, ఆ ఇంటికి ఏడాదంతా మర్యాద. చేయలేదా, పాల క్యాన్ పట్టుకుని ఏ గల్లీలోకి పోయినా ఏడాదంతా అదే ముచ్చట.

కొండల్ తండ్రి బతికున్నన్నాళ్లూ వాళ్ల దున్న లేవని సదర్ లేదు. ఆయన పోయాక ఇదే మొదటిది. పగ్గం తొలిసారి కొండల్ చేతికొచ్చింది. సుల్తాన్ లేస్తుందా, లేవదా? మూడు నెలలుగా మనిషికి అదే ధ్యాస.

రోజూ పొద్దున పాలు పిండటం కాగానే ఫోన్లో ఒక హుషారు పాట పెట్టేవాడు. సుల్తాన్ కాళ్లెత్తితే నోట్లో బెల్లం ఉండ. నెల తిరిగేసరికి పాట పెట్టడమే ఆలస్యం, సుల్తాన్ లేచి నిలబడేది! గల్లీ అంతా గోడలెక్కి చప్పట్లు కొట్టేవాళ్లం.

కొండల్‌ది కూడా ఉచిత ఖాతాయే. పాటకు ముందు ప్రతిరోజూ ఒకటే ప్రకటన. ఎవరో ఆడమనిషి తియ్యటి గొంతుతో, "అక్కా! గిన్నెలు ఇంకా జిడ్డుగానే ఉన్నాయా?" అని అడిగేది. ఆ వెంటనే గిన్నె మెరిసిన చప్పుడు, టింగ్! ఆపైన పాట. ఆ పదిహేను సెకన్లలో కొండల్ డబ్బా మూత తీసి బెల్లం ఉండ చేతిలో పట్టుకునేవాడు. ఈ విషయం మీరు గుర్తుపెట్టుకోండి. మేమెవరమూ పెట్టుకోలేదు.

సదర్ నాడు పొద్దున కొండల్ కూతురు స్రవంతి తండ్రికి ఒక బహుమానం ఇచ్చింది. డిగ్రీ చదువుతూ, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే పిల్ల. తండ్రి ఫోన్ తీసుకుని ఏవేవో నొక్కింది.

"బాపూ, ఇయ్యాల మస్తు పెద్ద డీజే పెడ్తున్నరు. అంత మందిల గిన్నెల లొల్లి ఒస్తే నవ్వుతరు. నీకు ప్రీమియం తీస్కున్న. ఇగ యాడ్స్ రావు, ఫికర్ జెయ్యకు."

కొండల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. మా గల్లీలో మొట్టమొదటి ప్రీమియం మనిషిని కళ్లారా చూస్తున్నాను మరి!

పొద్దు వాలుతుండగా ఊరేగింపు పందిరి దగ్గరికి చేరింది. పందిట్లో కుర్చీ మీద కైలాసం, వాళ్ల కులపెద్ద, తెల్లటి మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఫలక్‌నుమా వాళ్ల దున్న లేచి, సలాం చేసి, దండ వేయించుకుని పోయింది. ఇప్పుడు కొండల్ వంతు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు మనిషి. ఫోన్‌ను డీజేకి కలిపారు. నొక్కారు.

పాట! తిన్నగా పాటే! అడ్డం లేదు, జిడ్డు లేదు. పందిరి గుంజలు అదిరిపోయాయి.

సుల్తాన్ నిలబడే ఉంది. కొండల్ చేతి వైపు చూసింది. డీజే వైపు చూసింది. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు చెవులు రిక్కించింది.

"లే బేటా! లే సుల్తాన్!" అని పగ్గం గుంజాడు కొండల్. పాట మొత్తం అయిపోయింది. సుల్తాన్ తీరిగ్గా పేడ వేసింది.

ఫలక్‌నుమా కుర్రాళ్లు ఈలలు వేశారు. "కొండలన్నా, గుంజకే! పాట ఇంటున్నది పాపం!"

"టికెట్ కొనుక్కోని ఒచ్చినట్టున్నది!"

డీజే భాయ్ తన డబ్బాలన్నీ తట్టి చూసుకున్నాడు. "గానా తో సాఫ్ బజ్‌రా కొండల్ భాయ్. జాన్వర్ కూ క్యా హోగయా?" పాటలో లోపం లేదు, మరి దున్నకేమైందని అతని అనుమానం.

కైలాసం వేలు చూపించాడు. "మూడు మాట్ల కాయిదా కొండల్, మూడుపార్లే సూస్తం. ఒకటయింది."

అప్పుడు పక్కన స్టూలు మీద కూర్చున్న కొండల్ తల్లి కొమురమ్మ నోరు తెరిచింది. ఎనభై ఏళ్ల మనిషి. కళ్లు సరిగా ఆనవు, చెవులు మాత్రం పాము చెవులు.

"ఒరే కొండలూ, గా పిల్ల మాట్లాడలేదేందిరా?"

"ఏ పిల్లనే?"

"గదే, పొద్దుగాల గిన్నెల గురించి అడుగుతది సూడు! దున్న గామె కోసమే సూస్తున్నది."

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మూడు నెలల్లో సుల్తాన్ పాట అనేదే నేర్చుకోలేదు! గిన్నెల ఆవిడ అడగ్గానే బెల్లం డబ్బా మూత తెరుచుకుంటుంది. దానికి తెలిసిందల్లా అది. పాట వచ్చేసరికి కాళ్లు ముందే గాల్లో ఉండేవి. మేమేమో దానికి సంగీతం ఎక్కిందని మురిసిపోయాం.

స్రవంతి మొహం పాలిపోయింది. ఫోన్ లాక్కుని ప్రీమియం రద్దు చేసింది. 'రద్దయింది. అయినా నెలాఖరు వరకు మీకు ప్రకటనలు రావు, నిశ్చింతగా ఉండండి' అంది యాప్. చూశారా! ప్రకటనను తరిమేయడానికి వెయ్యి బటన్లున్నాయి. పిలుచుకోవడానికి ఒక్క బటనైనా పెట్టారా?

ఇక నా ఘడియ వచ్చింది. "నాది ఉచిత ఖాతా!" అని అరిచాను. అంత గర్వంగా ఆ మాట అనడం అదే మొదలు. జనం దారిచ్చారు. నా ఫోన్ డీజేకి కలిపారు. అదే పాట నొక్కాను.

"మెట్లెక్కలేకపోతున్నారా? మోకాళ్లు కిర్రుమంటున్నాయా?" అంది ఒక మగగొంతు, మాదన్నపేట మొత్తానికి వినపడేటట్టు. మహేశ్వరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సుల్తాన్ నా మోకాళ్ల వైపు ఒకసారి జాలిగా చూసి ఊరుకుంది.

"రెండయినయి" అన్నాడు కైలాసం.

మూడోది నొక్కే ముందు అందరూ ఎవరి ఫోన్లు వాళ్లు తీసి, చెవి దగ్గర పెట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. ఒకడికి అప్పులిచ్చే యాప్, ఒకడికి మొటిమల క్రీము, ఒకడికి పేకాట యాప్. ముందురోజే పెళ్లిచూపులు అయిన కుర్రాడి ఫోన్లో బట్టతల మందు! ఎవరి జాతకం వాళ్ల ఫోన్లో బయటపడుతోంది. గిన్నెలు మాత్రం ఎవరికీ రావు. కైలాసం కూడా సాయానికి తన ఫోన్ తీసి నొక్కాడు. మీసాల రంగు ప్రకటన రాగానే చటుక్కున జేబులో పెట్టుకుని, "లొల్లి జెయ్యకుండ్రి" అన్నాడు, ఎవరూ చేయకపోయినా.

కొండల్ సుల్తాన్ నుదుటికి నుదురు ఆనించాడు. "నీ తప్పేం లేదు బేటా. బాపు చేతిల పగ్గం నాకెందుకు ఒచ్చెరా" అన్నాడు. స్రవంతి తండ్రి చొక్కా పట్టుకుని నిలబడింది. ఫలక్‌నుమా కుర్రాళ్లు కూడా ఈలలు ఆపేశారు.

కొమురమ్మ కర్ర ఊతం చేసుకుని లేచింది. డీజే భాయ్ చేతిలోంచి మైక్ తీసుకుంది. "కొండలూ, బెల్లం తియ్యి" అంది. గొంతు సవరించుకుంది. నాలుగు పళ్లున్న ఆ నోట్లోంచి, టీవీలో వార్తలు చదివే పిల్లంత శుద్ధంగా, తేనె కారుతూ వచ్చింది మాట:

"అక్కా! గిన్నెలు ఇంకా జిడ్డుగానే ఉన్నాయా?"

చేతి వెండి కడియంతో స్టీలు గ్లాసు మీద ఒక్క దెబ్బ. టింగ్!

సుల్తాన్ లేచింది! ఎలా లేచిందనుకున్నారు! నల్లటి గుట్ట ఒకటి భూమి వదిలి పైకి వచ్చినట్టు లేచింది. ముందుకాళ్లు పందిరి తోరణాలకు తగిలాయి. గవ్వలన్నీ గలగలలాడాయి. బాజాలు మోగాయి, ఫలక్‌నుమా కుర్రాళ్లు తీన్‌మార్ వేశారు, డీజే భాయ్ "వాహ్ అమ్మా, వాహ్!" అని టోపీ ఎగరేశాడు. కైలాసం తానే కుర్చీ దిగొచ్చి దండ వేశాడు. కొండల్ డబ్బాలో బెల్లమంతా సుల్తాన్ నోట్లో కుక్కి, మెడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, ప్రకటన వరమని? ఆ రోజు ఒక ఇంటి పరువు నిలబెట్టింది గిన్నెల సబ్బు!

అంతా సర్దుకున్నాక డెయిరీ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాం. కొండల్‌కి అనుమానం వచ్చింది.

"అమ్మా, బాపు ఎన్నడు ఫోన్ ముట్టలే గద. మన దున్నలు దేనికి లేస్తుండె?"

"నా పాటకురా. మీరు లేవకముందే కొట్టంల మీ బాపు పగ్గం పట్టేటోడు, నేను పాడేదాన్ని. సదర్ల డప్పుల సప్పుడుకు నా పాట మీకెక్కడ ఇనొచ్చె?"

"ఏ పాటనే? ఒకపారి పాడరాదు!"

కొమురమ్మ నోరు తెరిచింది. మూసింది. చాయ్ గ్లాసు కింద పెట్టి మళ్లీ తెరిచింది.

"నాలికె మీదనే ఉన్నది బిడ్డా... గా గిన్నెల పిల్లనే అడ్డమొస్తున్నది."

కడుపు పట్టుకుని నవ్వాం. కొమురమ్మ కూడా నవ్వింది. అందరికంటే ముందు ఆపేసింది.

స్రవంతి ఊరుకోలేదు. పది రోజులు నానమ్మ పక్కనే కూర్చుంది. పాలు పిండేటప్పుడు ఒక ముక్క, బియ్యం చెరిగేటప్పుడు ఒక ముక్క. ఏడు చరణాల పాటట. రెండు దొరికాయి. ఆ రెంటినే నానమ్మ చేత పాడించి, రికార్డు చేసి, ఆ పాటల యాప్‌లోనే పెట్టింది. మీరు కూడా వినవచ్చు. ఉచితమే!

నిన్న మధ్యాహ్నం భోంచేసి, ఆ పాట విందామని కుర్చీలో వాలాను. తెర మీద కొమురమ్మ ఫోటో. నొక్కాను. ఇన్నాళ్లూ నాకు మోకాళ్ల నూనెతో సరిపెట్టిన యాప్, సదర్ ముచ్చట్లు విన్నదేమో మరి, ఈసారి కొత్త గొంతు పంపింది.

"అక్కా! గిన్నెలు ఇంకా జిడ్డుగానే ఉన్నాయా?" టింగ్!

చూసుకునేసరికి నిలబడి ఉన్నాను. రెండు చేతులూ కూడా కొంచెం పైకి లేచాయేమో, చెప్పలేను.

వంటింట్లోంచి మహేశ్వరి తల బయటపెట్టింది.

"బెల్లం ఉండ తేవాల్నా?"