మంత్రిగారి గుండె బులెటిన్

"ఆరోగ్యశాఖ మంత్రిగారి హృదయం ప్రజల కోసం రేయింబవళ్లు కొట్టుకుని స్వల్పంగా అలసింది. ఆందోళన అవసరం లేదు." ఉదయం పది గంటలకు ఆస్పత్రి మెట్ల మీద నిలబడి పీఏ ఈ బులెటిన్ చదివాడు. మధ్యలో ఒకసారి కళ్లు కూడా తుడుచుకున్నాడు.

పై అంతస్తులో హెడ్ నర్సు ఈసీజీ చూసింది. గుండె భేషుగ్గా ఉంది. పొట్ట ఎక్స్‌రేలో మాత్రం పదకొండు రోజుల మలం గట్టిపడి, పెద్దపేగు చివర బిరడాలా కూర్చుంది.

కారణం త్యాగమే. మంత్రివర్గంలో మార్పులుంటాయని పుకారు పుట్టిన నాటి నుంచి ఆయన సమావేశాల్లో కుర్చీ దిగలేదు. లేచి వెళ్లి వచ్చేలోగా ఇంకొకరు కూర్చుంటే? కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే గట్టి నొప్పి మాత్రలు మింగారు. అవి పేగును జోకొట్టాయి. చివరికి ఆ మలం గడ్డ పక్కనుంచి నీళ్లు కారితే పీఏ విరేచనాలనుకుని, కట్టే మాత్రలు కూడా వేయించాడు. అతని విధేయత అలాంటిది.

ఎనిమా ఇవ్వాలన్నాడు సూపరింటెండెంట్. పేపర్లో గుండె అని వచ్చాక వైద్యం కింద ఎలా చేస్తారన్నాడు పీఏ. ఆ రోజంతా బులెటిన్ ప్రకారమే వైద్యం నడిచింది. ఛాతీకి తీగలు తగిలించారు. మంత్రిగారు మూలుగు దిగమింగుకుని కెమెరాలకు చెయ్యి ఊపారు.

మర్నాడు వాంతులు మొదలయ్యాయి.

"ఇంకా ఆగితే పేగుకు చిల్లు పడుతుంది సార్," అంది హెడ్ నర్సు. "గుండె సంగతి మీరు చూసుకోండి. నా పని నన్ను చేసుకోనివ్వండి."

పీఏ ఒప్పుకున్నాడు, రికార్డులో ఒక్క ముక్క కూడా రాయకూడదన్న షరతు మీద.

హెడ్ నర్సుకు ఆరేళ్ల కూతురుంది. బస్సులో ఆరు గంటల దూరంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ ఊరి ఆస్పత్రికి బదిలీ కోరుతూ ఆమె పెట్టుకున్న అర్జీ మూడేళ్లుగా ఈ మంత్రిగారి బల్ల మీదే ఉంది.

ఆయన్ని ఎడమవైపు తిప్పి, మోకాళ్లు పొట్టకు చేర్చింది. ముందు నూనె ఎక్కించి నానబెట్టింది. తర్వాత రెండు జతల గ్లౌజులు, మొద్దుబార్చే జెల్లీ, ఒక వేలు. కొంచెం కొంచెంగా చిదిపి తీస్తూ, ఒక కన్ను మానిటర్ మీదే ఉంచింది. ఇలాంటప్పుడు నాడి పడిపోవచ్చు. బులెటిన్ పుణ్యమా అని తగిలించిన తీగలకు అప్పటికి పని దొరికింది.

"తల్లీ, నీకేం కావాలో కోరుకో," అన్నారు మంత్రిగారు దిండులోకి.

"నా బదిలీ సార్."

"అయిపోయిందనుకో."

"కదలకండి సార్."

యాభై నిమిషాల తర్వాత ఆయన ముఖంలో ఓట్ల లెక్కింపు నాటి కాంతి వచ్చింది. నీళ్లు బాగా తాగాలని, పీచున్నవి తినాలని, ముఖ్యంగా వచ్చినప్పుడు లేవాలని చెప్పింది. ఆయన అన్నింటికీ తలూపారు.

సాయంత్రం పీఏ బదిలీ ఫారం తెచ్చాడు. 'ప్రత్యేక సేవ' అన్న గడిలో ఏం రాయాలని అడిగాడు.

"చేసిందే రాయండి."

"ఏమీ జరగలేదు కదమ్మా. గుండె నయం చేసింది సూపరింటెండెంట్ గారు. ఆయనకు పతకం ఖాయమైంది."

మంత్రిగారు గోడవైపు తిరిగి, "చూద్దాంలే సిస్టర్," అన్నారు.

అంతలో టీవీలో వార్త వచ్చింది. సహచరుడి గుండె గురించి తల్లడిల్లిన ముఖ్యమంత్రిగారు, ఆ బరువంతా దించి, పదవిని ఉపమంత్రికి అప్పగించారు. మానిటర్ మొదటిసారి కేక పెట్టింది.

పది రోజుల తర్వాత అదే పీఏ మళ్లీ వచ్చాడు. ఇప్పుడు కొత్త మంత్రిగారి పీఏ. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ప్రమాణస్వీకారం నాటి నుంచి కుర్చీ దిగలేదు సిస్టర్. బులెటిన్‌లో ఈసారి ఊపిరితిత్తులని వేశాం."

హెడ్ నర్సు గ్లౌజుల డబ్బా తెరిచింది. ట్రేలో జెల్లీ పక్కన తన అర్జీ మడత విప్పి పెట్టింది.

"ఎడమవైపు పడుకోబెట్టండి. కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది," అంది. "ముందు ఆయన చేతికి ఒక పెన్ను ఇవ్వండి."