చలిని రద్దు చేసిన ఊరు

పందొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరంలో మా కొంగలలంక గ్రామం చలికాలాన్ని ఎదుర్కొనుటకు సర్వసన్నద్ధమైనదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. కొల్లేటి నడుమ మా చలి ఎలా ఉంటుందో ఎరగని వారికి రెండు ముక్కలు చెబుతాను. మార్గశిరంలో తెల్లవారుజామున నీళ్ళ మీంచి గాలి తిరిగితే ముక్కు చివర చల్లబడుతుంది. ఎండెక్కాక మళ్ళీ చెమటే. గోడా కప్పూ ఉన్నవాళ్ళ సంగతి ఇది. ఈపాటి దానికి సంఘమెందుకు అనేవారు ప్రజాసేవ రుచి ఎరగనివారు.

మా మునసబు భాస్కరరావుగారికి ఏలూరు నుంచి పడవలో పత్రిక వచ్చేది. మా రేవు చేరేసరికి వార్తలు పాతబడేవి గానీ వాటి మీద ఆయనకున్న గౌరవం పాతబడేది కాదు. ఇంగ్లండులో మోకాలి లోతు మంచు పడిందనీ, రైళ్ళు ఆగిపోయాయనీ అందులో ఉంది. మునసబుగారు కళ్ళజోడు తీసి అరుగు మీదున్న మావంక చూశారు.

"రాజుగారికి వచ్చిన చలి ప్రజలకి రాకుండా పోతుందటయ్యా? పన్నులొచ్చాయి, రైలొచ్చింది, కలరా సూదొచ్చింది. ఇదీ వస్తుంది. కాస్త వెనకా ముందూ."

ఊరుకోలేక నేనూ ఓ మాట కలిపాను. మా తాతగారి కాలంలో ఒక ఏడు చలికి తాళలేక కొల్లేటి కొరమీన్లు గట్టెక్కి మా వంటింట్లో పొయ్యి చుట్టూ చేరేవనీ, మా నాయనమ్మ వాటిలో లావుపాటిదాన్ని ఎంచుకుని, మిగతావాటిని మర్నాడు రమ్మని పంపించేసేదనీ చెప్పాను. అందరూ నవ్వారు. మునసబుగారు నవ్వలేదు. "చూశారా, పూర్వం కూడా జరిగింది" అని శీతోపద్రవ నివారణ సంఘాన్ని అక్కడికక్కడే స్థాపించారు. అధ్యక్షులు తామే. ఉపాధ్యక్షులు కూడా తామే, చలికి అధ్యక్షులవారికి ఏమైనా అయితే చూసుకోవడానికి.

సంస్కరణ సొంత ఇంటి నుంచే మొదలైంది. కిటికీలన్నీ గోనెపట్టాలు కొట్టి, మట్టి మెత్తించారు.

"ఏవండీ, పొగ ఎటు పోతుందండీ?" అన్నారు ఆయన భార్య వెంకటనరసమ్మగారు.

"చలి వచ్చే దారి పొగకి వదులుతామా?"

ఇక ఆ ఇంట్లో అందరి కళ్ళూ ధారలు కట్టాయి. చలి ప్రవేశించిందనడానికి అదే నిదర్శనమని మునసబుగారు ప్రకటించారు.

పెద్ద యుద్ధంలో బస్రా వెళ్ళొచ్చిన ఏసోబుని పిలిపించి మంచు ఎలా ఉంటుందని అడిగారు. "ఇసక చూశానండి, మంచు చూళ్ళేదండి" అన్నాడతను. ఇసక చూసినవాడు మంచు చూసినవాడితో సమానమని నిశ్చయించి, అతన్నే మంచు సలహాదారుగా నియమించారు. అతని సలహా మీద బాతులకి గోనె చొక్కాలు కుట్టించారు. చొక్కాలు తడిసి బరువెక్కడంతో బాతులు ఒంటి లోతు మునిగి, మెడలు మాత్రం పైకెత్తుకుని పెద్దమనుషుల్లా తిరిగాయి.

ఆ ఏడు కొల్లేట్లో కోసిన జమ్ము గడ్డి మొత్తం సంఘం స్వాధీనం చేసుకుంది. జమ్ముతోనే మా దగ్గర గుడిసెలు కప్పుతారు. మిషన్ గుడి వెనక ఉండే ముసలి వరమ్మ గుడిసె కప్పు కార్తీకం గాలివానకి ఎగిరిపోయింది. ఆమె అరుగు కింద నిలబడి చేతులు కట్టుకుంది.

"బాబుగారండీ, రెండు మోపుల జమ్ము ఇప్పిస్తే కప్పేసుకుంటానండి. మంచు ముందు పడేది నా నెత్తినే గదండీ."

"ఊరంతటినీ ఒక కప్పు కిందికి తెస్తుంటే నీకు విడిగా కప్పెందుకు వరమ్మా?" అన్నారు మునసబుగారు. మాట ఎంత బాగుందంటే, తరవాత ఉపన్యాసంలో కూడా వాడుకున్నారు.

ఆ ఒక్క కప్పు ఏదంటే, సంఘం తలపెట్టిన మహాసభకి వేసిన పందిరి. నాలుగు వైపులా జమ్ము దడి, లోపల వరసగా కుంపట్లు. మా జిల్లాలో ఉన్ని అంటే ఏలూరు తివాచీలే. అవి నేయగానే ఓడెక్కి దొరల కాళ్ళ కిందికి పోతాయి. వాటిలో ఒకటి అద్దెకి మా ఊరొచ్చి, ఏలూరు నుంచి దయచేసిన అధికారిగారి కుర్చీ కింద పరుచుకుంది. దాని అంచున వరమ్మను 'శీతబాధితురాలు' అని కూర్చోబెట్టారు. ఊళ్ళో వణికే మనిషి ఇంకెవరూ దొరకలేదు.

"మహాశయులారా, చలి అనునది పేదా గొప్పా చూడదు. కనుక మనమూ చూడరాదు" అని మునసబుగారు అందుకున్నారు. అలా చాలాసేపు చూడకుండానే మాట్లాడారు. జనం ఊపిరికీ కుంపట్ల సెగకీ అధికారిగారు కోటు విప్పారు. మునసబుగారు వంగి గుసగుసలాడారు.

"వణుకు వరమ్మా."

"రావట్లేదండి. శానాళ్ళకి ఒళ్ళు ఎచ్చబడిందండి."

అధికారిగారు దయగా ఆమె వైపు తిరిగారు. "ఏమ్మా, చలిగా ఉందా?"

"ఇప్పుడు లేదండి. ఇంటికెళ్ళాక ఉంటదండి."

మొదటి మాటకే చప్పట్లు లేచాయి. రెండోది ఆ మోతలో ఎటు పోయిందో తెలీదు. చలి ఈ గ్రామమున రద్దయినదనీ, ఇది తక్కిన గ్రామాలకు ఆదర్శమనీ అధికారిగారు సెలవిచ్చారు. పొద్దు వాలింది. వారి పడవకి దారి కనబడాలని సంఘం పందిరికి నిప్పంటించింది. ఎంత చక్కని వెలుగంటే, అవతలి గట్టు మీది కొంగలు తెల్లారిందనుకుని వేటకి బయల్దేరాయి. తివాచీని మాత్రం జాగ్రత్తగా చుట్టి ముందే పడవెక్కించారు.

జమ్ము మంట ఎంతసేపు. వరమ్మ చేతులు కాచుకునేలోగా బూడిదైంది.

"బాబుగారండీ, వచ్చే ఏటి కోతలోనన్నా రెండు మోపులు..."

మునసబుగారు నొచ్చుకున్నారు. "నీకు కప్పు వేయించేస్తే, వచ్చే ఏడు సభలో తివాచీ మీద ఎవర్ని కూర్చోబెట్టమంటావు, నువ్వే చెప్పు."

సబబైన మాటే గదా. మేమంతా తలలూపాం. ఆమె కూడా కాసేపు ఆలోచించి, ఊరి పరువు సంగతి గనక, కొంగు నిండుగా కప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు మంచు పడలేదు. సంఘం బలం అలాంటిది. ఇది చదివి మా లంకవాళ్ళు ఎంత అమాయకులని నవ్వుకునేవారు, తమ ఊరి సభకి వెళ్ళినప్పుడు తివాచీ అంచున ఎవరు కూర్చున్నారో ఓసారి చూడండి. ఆ మనిషి ఇంటికి ఏళ్ళ తరబడి కప్పు పడకుండా కాపాడుకు రావడం ఎంత శ్రమో, ముందు వరసలో కూర్చునే తమకి నేను వేరే చెప్పాలా.