నూటికి నూరు శాతం పికాసో

రాష్ట్రంలోని ప్రతి విద్యార్థినీ ఆగస్టు పదిహేనులోగా పికాసోగా తీర్చిదిద్దుతామని మంత్రి రామకోటేశ్వరరావు గారు బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వన్ టౌన్‌లో ఒక సర్కారు బడిలో లెక్కల మాస్టర్ని. హాలు నింపడానికి మమ్మల్ని ఆన్ డ్యూటీ మీద పంపారు. పికాసో ఎవరో తెలియకుండానే గడువు పెట్టాలంటే ఎంత ధైర్యం కావాలి!

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. పిల్లలందరూ పికాసో శైలిలోనే బొమ్మ గీయాలి. ఎవరిని గీయాలన్న అనుమానం రాకుండా, మంత్రిగారినే గీయాలని ప్రత్యేకాధికారి కిరీటిగారు ఒక వాక్యం కలిపారు. మేం రోజూ ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్‌కే ఆ బొమ్మనూ చూపించాలి. అది మంత్రిగారేనని యాప్ ఒప్పుకుంటేనే బొమ్మ పాసు.

మా డ్రాయింగ్ టీచర్ సనోబర్ కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. మా బడి పిల్లల నలభై బొమ్మలూ పాసైతేనే రెన్యువల్ అని ఆమె కాంట్రాక్టు కాగితం చివర రాశారు. కొండపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చే ఆ అమ్మాయి, లోకం తెలియక, పిల్లలకు నిజంగానే పికాసో నేర్పింది. నాలుగో తరగతి ఇల్మా మంత్రిగారి రెండు కళ్లూ ఒకే చెంప మీద పెట్టి, ముక్కు పక్కకు తిప్పి గీసింది. నేను చూడగానే గుర్తుపట్టాను. యాప్ మాత్రం ‘ముఖం సరిపోలేదు’ అంది. నలభైకి నలభై అంతే.

సంగతి చూడ్డానికి బడికి వచ్చిన కిరీటిగారు కోప్పడలేదు. చదువుకున్న మనిషి.

“శైలి జోలికి మనం పోవద్దమ్మా. కళ్లు ఎక్కడుండాలో అక్కడ పెట్టించండి. ముక్కు మధ్యలో. మిగతాదంతా పికాసోనే ఉంచేయండి.”

“మిగతాది అంటే ఏముంది సార్?”

“చొక్కా ఉంది కదా.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. కానీ నాది పర్మనెంటు ఉద్యోగం గనుక నోరు మెదపలేదు. ఫ్లెక్సీల షాపులో మంత్రిగారి ఫొటోలు నలభై ప్రింటు వేయించి, మెడ దాకా కత్తిరించి అతికించారు. కింద పిల్లలు చొక్కాలు గీశారు. యాప్ నలభైనీ ఒప్పుకుంది.

మా బడిలో ఆ బొమ్మల ప్రదర్శన పెట్టిన రోజున మంత్రిగారు గోడంతా కలయజూసి, పికాసో ఇంత సులువని తనకెవరూ చెప్పలేదన్నారు. ముచ్చటపడి తానూ యాప్ ముందు నిలబడ్డారు. ముఖం సరిపోలేదు. కళ్లద్దాలు తీశారు. సరిపోలేదు. కిరీటిగారు ఫోను తుడిచి మళ్లీ పెట్టారు. అప్పుడూ సరిపోలేదు. అంతటి పెద్దమనిషి ముఖం చిన్నబోయింది.

“యాప్‌లో ఎక్కించింది ఫ్లెక్సీ ఫొటో సార్,” అంది సనోబర్ మెల్లగా. “అది మీ మొదటి ఎలక్షన్‌ది.”

ఆ అమ్మాయి ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. మంత్రిగారు ఆమె చేతిలోని బ్రష్షు వంక చాలాసేపు చూశారు.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. మూడేళ్లకు రెన్యువల్, మా బడిలో మాత్రం కాదు. రోజూ పొద్దున ఏడింటికల్లా సనోబర్ రంగులు పట్టుకుని మంత్రిగారింటికి వెళ్తోంది. యాప్ ఒప్పుకున్నాకే ఆయన గడప దాటుతున్నారు. మొన్న డెబ్బై శాతమే సరిపోయిందని ఒక మీటింగు వాయిదా పడింది.

డ్రాయింగ్ పిరియడ్ నాకిచ్చారు. లెక్కలు చెబుతున్నాను.