మెలి తిరిగిన పనస పలక

చీపురుపల్లి గణపతిరావుకి రెండంటే హడలు. ఒకటి గట్టిగా అరిచే మిషను. రెండోది మెల్లగా మాట్లాడే భార్య ధనలక్ష్మి.

అరుగు మీదకి బల్ల చేద్దామని కోయించిన పనస పలక ఎండకి మెలి తిరిగిపోయింది.

"టింబరు డిపోకి తీసికెళ్లు మావా. జాయింటరు మిషను మీద సదును సేసిస్తారు" అంది ధనలక్ష్మి.

"మనింట్లో కొత్త ప్లేనరు మిషను పెట్టుకొనా?"

"అది మందం తగ్గిస్తాది గానీ వంకర తియ్యదన్నావు కదా?"

"ఒసే, సదునైన పలక మీద దీన్నెక్కించి, లేసిన మూలల కింద సెక్కముక్కలు ఆనిక పెట్టి తోసేస్తే, పైముఖం సాపుగా వచ్చేస్తాది. ఫోన్లో సూసినాను."

"ఫోన్లో గుండె ఆపరేసను కూడా సూసినావు" అని సంచీ తీసుకుని బజారుకెళ్లింది.

చదునైన పలక ఎక్కడుంది? మంచమ్మీద, పరుపు కింద! గణపతిరావు ఆ ప్లైవుడ్డు లాగేశాడు. ధనలక్ష్మి వచ్చేలోగా మళ్లీ పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? పనస పలకని దాని మీద పెట్టి, మూలల కింద ముక్కలు దూర్చి, గమ్ముతో అతికించాడు. పైడితల్లమ్మకి దణ్ణం పెట్టి స్విచ్చి వేశాడు.

మిషను గర్రుమంది. పెరట్లో కోడి గోడ దూకింది. పలక సగం లోపలికెళ్లేసరికి చలిజ్వరం వచ్చినట్టు టకటకా వణికింది. ఒక ఆనికముక్క ఊడి, గణపతిరావు చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. చెవి ఉందో లేదో తడుముకునే ధైర్యం కూడా లేకపోయింది.

అంతలో కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దం ఇంకా భయంకరం. స్విచ్చి వేసే ఉంది, కరెంటు ఏ క్షణాన్నైనా వస్తుంది. పలక వదిలితే కింద పడుతుంది, వదలకపోతే స్విచ్చి అందదు. చెమటలు కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేక అలాగే నిలబడ్డాడు.

గేటు కిర్రుమంది.

"ఏటి మావా, బొమ్మలా నిలబడిపోనావు?"

"దగ్గరికి రాకే! కరెంటు వచ్చేస్తాది!"

"వస్తే మంచిదే. నీళ్ల మోటారు ఏసుకోవాల."

"నా పానం పోతాదే!"

ధనలక్ష్మి సంచీ దించి, గోడ దగ్గరికెళ్లి ప్లగ్గు పీకేసింది.

తర్వాత పలక బయటికి లాగి, మూలలన్నీ వేలితో నొక్కింది. ఒక మూల టక్కుమంది. "ఇక్కడ ఆనిక ఊడిపోనాది. గ్రైండరు ఆడితే కాలి కింద అట్టముక్క పెట్టమూ? ఇదీ అంతే. మంచం సంగతి తర్వాత మాటాడదాం" అంది, మరీ మెల్లగా. గణపతిరావు గబగబా ఎగిరిపోయిన ముక్కని వెతికి తెచ్చి, మళ్లీ గమ్ముతో అతికించాడు.

కరెంటు వచ్చాక ప్లగ్గు పెట్టి, ఇటు ధనలక్ష్మి తోసింది. అటు గణపతిరావు కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. ఒక ముఖం సాపయ్యాక ప్లైవుడ్డు తీసేసి, పలకని తిరగేసి, రెండో ముఖం తనే లాగించేసింది. పలక అద్దంలా వచ్చింది.

గోడ మీదుగా పక్కింటి గున్నమ్మ తొంగిచూసింది. "బలే నున్నగున్నాది! ఎవురు సేసినారు?"

గణపతిరావుకి ఛాతీ ఉబ్బింది. "నేనే పిన్నీ! భయమనేది లేకండా తోసెయ్యాల, అంతే."

"అవును పిన్నీ, మా మావే. మీ తలుపు సెక్కలు వంకరపోనాయన్నావు కదా, పంపించెయ్యి. రేపు ఒక్కడే సేసిస్తాడు. నేను మా అమ్మోలింటికెళ్తన్నాను" అంది ధనలక్ష్మి.

గణపతిరావు ఒక్క గెంతులో గోడ దగ్గరికొచ్చాడు. "సెక్కలు పచ్చిగా ఉన్నాయేమో పిన్నీ... ఓ నెల ఎండనిద్దాం..."

"ఎండిపోయి ఠంగుమంటన్నాయి బాబూ! ఇప్పుడే తెచ్చేస్తాను" అంటూ గున్నమ్మ పరిగెత్తింది.