జెత్రో అవుట్ కాని మూడు రోజులు

నా భార్యను మూడు రోజులు ఆలస్యంగా పాతిపెట్టారు. కారణం క్రికెట్.

ఆ జులైలో మా సస్సెక్స్ పల్లెకు మహాభాగ్యం పట్టింది. సర్ పెరిగ్రిన్ దొరగారు పక్క జిల్లా కెంట్ జట్టును పందేనికి పిలిచారు. మా జట్టులో దొరగారు, కమ్మరి, కసాయి, గడ్డి కోసేవాళ్ళు, చివరికి చర్చి దొడ్లో సమాధులు తవ్వే జెత్రో పిల్బీమ్. పాదిరిగారు అంపైరు. కోతకొచ్చిన గడ్డి పొలాల్లోనే కుళ్ళింది. జిల్లా పరువు ముందు గడ్డెంత?

శనివారం మా ఆవిడ జ్వరంతో పోయింది. సోమవారం పాతిపెడతామన్నారు. సోమవారమే ఆట మొదలైంది. ఆమె సమయం చూసుకుని పోలేదని ఊళ్ళో కొందరు నొచ్చుకున్నారు.

టోపీ చేత్తో పట్టుకుని మైదానానికి వెళ్ళాను. జెత్రో బ్యాటింగ్ చేస్తున్నాడు.

"జెత్రో, గొయ్యి తవ్వాలిరా."

"మర్చిపోలేదన్నా. వదిన బంగారంలాంటి మనిషి. అవుటవగానే వచ్చేస్తా!"

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఓయ్, పక్కకి జరగవయ్యా! ఆట కనపడి చావట్లా!"

నేనే తవ్వుకుంటానని పాదిరిగారికి చెప్పాను.

"తవ్వుకో నాయనా. ప్రార్థన ఎవరు చదువుతారు? నేను కదిలితే పందెం చెల్లదాయె. అయినా ఆమెకేం తొందర? కెంట్ వాళ్ళు పాపం శనివారానికి ఇల్లు చేరాలి."

ధర్మం తెలిసిన మనిషి.

అప్పట్లో వికెట్టుకు రెండే కర్రలు, వాటి మీద అడ్డంగా ఒక పుల్ల. పుల్ల పడితేనే అవుట్. మంగళవారం కెంట్ బౌలర్ టాప్సెల్ జెత్రోకు వేసిన బంతి మూడుసార్లు ఆ కర్రల నడుమ నుంచి దూరిపోయింది. ఊరంతా చూసింది. పుల్ల మాత్రం కదలలేదు. పాదిరిగారు ఆకాశం వైపు చూసి మూడుసార్లూ నాటవుట్ అని ప్రకటించారు.

సాయంత్రం టాప్సెల్ నా పక్కన కూర్చున్నాడు. "మీ ఆవిడ కోసం మూడుసార్లు అవుట్ చేశానయ్యా. మీ దేవుడి మనిషే ఒప్పుకోలా."

నాకు దక్కిన పరామర్శ అదొక్కటే.

ఎండలు మండిపోయాయి. పెరట్లోని లావెండర్ పూలన్నీ కోసి మా ఆవిడ శవపేటిక చుట్టూ పరిచాను. బుధవారానికి వాటి వాసనా చాలలేదు.

గురువారం మధ్యాహ్నం జెత్రో బీరు ఎక్కువై తన వికెట్టు మీద తనే పడి అవుటయ్యాడు. అతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా ఊరేగించారు. తరువాత అవే భుజాలు మా ఆవిడ పెట్టెను మోశాయి. అలసిపోయి దారిలో రెండుసార్లు దించాయి. సమాధి దగ్గర పాదిరిగారు గొంతు సవరించుకున్నారు. "ప్రియ సోదరులారా, ఓర్పు అంటే ఏమిటో ఈ వారం జెత్రో మనకు చేసి చూపించాడు." జనం కళ్ళు తుడుచుకున్నారు.

కబురు లండన్ దాకా వెళ్ళింది. అక్కడి క్రికెట్ పెద్దలు సభ చేసి, మా ఊళ్ళో ఘోరమైన అన్యాయం జరిగిందనీ, అది మళ్ళీ జరగరాదనీ తీర్మానించి, వికెట్టుకు మూడో కర్ర మంజూరు చేశారు. పత్రికలో ఆ ప్రకటన రెండుసార్లు చదివాను. అన్యాయం టాప్సెల్‌కు జరిగిందట.

నాలుగేళ్ళుగా ఎక్కడెక్కడి వాళ్ళో నా గుమ్మం దాకా వచ్చి, జెత్రో ఎన్ని పరుగులు తీశాడని అడుగుతున్నారు. ఆమె పేరు అడిగినవాడు లేడు. ఇంతదాకా చదివిన మీరూ పరుగుల కోసమే చూస్తున్నారు. ఆ లెక్క చెప్పను. ఆమె పేరూ చెప్పను. ఈ సంగతి ఇక నా నోట రాదు.