అనుమానం ఆయనది, చక్కెర ఆమెది

ఇంటికొక అనుమానపు మనిషి ఉండాలి. తప్పనిసరిగా ఉండాలి!

సీసీ కెమెరా ఎందుకండీ? దానికి కరెంటు కావాలి, నెట్ కావాలి, నెలకోసారి బూజు దులపాలి. అనుమానపు మనిషికి ఇవేవీ అక్కర్లేదు. వేళకింత ముద్ద పెడితే ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాడు. కెమెరా జరిగిందే చూపిస్తుంది. ఈయన జరగనిది కూడా చూపిస్తాడు!

బాగేపల్లి గంగాధరప్పనే తీసుకోండి. మెయిన్ రోడ్డులో బోరు మోటార్లు, పైపులు అమ్మే అంగడి ఆయనది. వయసు యాభై ఎనిమిది. ఇప్పటికి ఇంటి తాళం పదకొండుసార్లు మార్చాడు. దొంగతనం మాత్రం ఒక్కసారీ జరగలేదు. చూశారా ఫలితం!

బస్టాండులో ఇద్దరు నవ్వుకుంటే, అది తనను చూసేనని ఆయనకు తెలిసిపోతుంది. మిస్డ్ కాల్ వస్తే, తాను ఇంట్లో ఉన్నాడో లేడో ఎవరో కనుక్కుంటున్నట్టు. పక్క అంగడి అంబరీష్ దగ్గితే, ఎవరికో సైగ చేసినట్టు. కోడలు ఫోనులో మెల్లగా మాట్లాడుతోందని ఈయన మూడు నెలలు గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఆ తర్వాత కొడుకు అమరనాథ్ ఒక్క మాటా అనకుండా చింతామణికి కాపురం మార్చేశాడు. ఇల్లు విశాలమైంది. అదీ లాభమే కదా?

ఊళ్లో ఎవరూ దీన్ని రోగమనలేదు. "అది ఆయన గుణమప్పా" అన్నారు. జ్వరమైతే డాక్టరు, దయ్యమైతే తాయెత్తు. గుణమైతే? గుణమైతే పెళ్లాం!

ఆరేళ్ల కిందట చిక్కబళ్లాపురంలో ఒక పెళ్లికి వెళ్లి గంగాధరప్ప కాఫీ తాగాడు. చేదుగా ఉంది. చికోరీ ఎక్కువైందని వంటవాడు చెప్పాడు. వంటవాళ్లు అలాగే చెబుతారు మరి! ఆ రోజు నుంచి ఆయన ఏది నోట పెట్టాలన్నా ముందు భార్య మునిరత్నమ్మ రుచి చూడాలి.

"ముందు నువ్వు తాగు" అని లోటా తోసేవాడు.

ఆమె రెండు గుక్కలు తాగేది. ఒక్క గుక్క చాలదు. ఒక్కటైతే బుగ్గలో దాచుకోవచ్చు! తర్వాత ఆయన గోడ గడియారం చూస్తూ ఐదు నిమిషాలు కూర్చునేవాడు. మునిరత్నమ్మ బతికే ఉండేది. ఈలోపు కాఫీ చల్లారేది. చల్లారిన కాఫీ ఎవరు తాగుతారు? మళ్లీ కొత్తది. మళ్లీ రెండు గుక్కలు. ఆయన లోటాలో చక్కెర మూడు చెంచాలు. రోజుకు ఐదుసార్లు. పండగ పూట ఒబ్బట్లు, పాయసం అదనం.

ఆరేళ్లలో గంగాధరప్పకు ఏమీ కాలేదు. మునిరత్నమ్మకు షుగరు వచ్చింది.

ఇంత న్యాయమైన వైద్యం ఇంకెక్కడైనా ఉందా? గుణం ఒకరికి, మాత్రలు ఒకరికి! ఆయన అనుమానం ముదిరినకొద్దీ ఆమె మాత్రలు పెరిగాయి. ఆమెకు చూపు మసకేసింది, అరికాళ్లు మండాయి. పెళ్లానికి మందులు సరిగ్గా అందుతున్నాయి కాబట్టి మొగుడు ఆరోగ్యంగా ఉన్నాడు.

మాఘమాసంలో ఒకనాడు అంగడిలో ఆమె కాలికి తుప్పు మేకు దిగింది. ఇరవై రోజులైనా పుండు మానలేదు. హైవే పక్కన దాతలు కట్టించిన ట్రస్టు ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లింది.

"ఇంత షుగరుంటే యట్ల మానుతాదమ్మా? ఏం తింటాండారు?" అని అక్కడి డాక్టరు కోప్పడ్డాడు.

"రాగిముద్ద, ఆకుకూర పులుసు సార్. తినేది నాది. తాగేది మాత్రం ఆయనది" అంది మునిరత్నమ్మ.

డాక్టరుకు అర్థం కాలేదు. విడమరిచి చెబితే పెన్ను మూసి పక్కన పెట్టాడు. తర్వాత ఆమెను వరండా చివరి గదికి పంపించాడు. ప్రతి మంగళవారం అక్కడ మనసు డాక్టరు నయన కూర్చుంటుంది.

ఆ సాయంత్రం మునిరత్నమ్మ కాఫీ పెట్టి భర్త ముందు ఉంచింది. ఆయన లోటా తోశాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇట్లే తాగతా ఉంటే కాలి వేలు తీసేయల్ల అన్నారు. ఇంక నేను తాగను."

"అంటే ఏదో కలిపినావన్నమాట!"

"ఏమీ కలపలా. తాగితే తాగండి, లేకుంటే లేదు" అని కుంటుకుంటూ లోపలికి పోయింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె భర్తకు వీపు చూపించి నడవడం అదే మొదలు.

గంగాధరప్ప వారం రోజులు అరటిపళ్లతో గడిపాడు. తొక్క ఉన్నది ఏదైనా నమ్మదగినదే కదా! కానీ ఆకలి కంటే ఒక ప్రశ్న ఎక్కువ బాధ పెట్టింది. ఆ గదిలో ఇది నా మీద ఏం చెప్పింది? అది తెలుసుకోవడానికే మంగళవారం పొద్దున్నే ఆసుపత్రికి బయలుదేరాడు. అనుమానం వల్ల లాభం లేదన్నవాళ్లు ఇప్పుడేమంటారు? ఆయన్ని వైద్యానికి చేయిపట్టి నడిపించింది అదే!

"నా పెండ్లాము నా మీద ఏం చెప్పింది?" గదిలోకి అడుగుపెడుతూనే అడిగాడు.

"ఆమె చెప్పింది ఆమెదప్పా, అది చెప్పను. మీరు చెప్పేది మాత్రం మీ ముందరే రాస్తా. చదువుకోండి" అంది నయన.

"కెమెరా యాడ పెట్టినారు?"

"లేదు. ఎతుక్కోండి."

ఆయన నిజంగానే వెతికాడు. బల్ల కింద, క్యాలెండరు వెనక, ఫ్యాను రెక్కల మీద. పది నిమిషాలు పట్టింది. డాక్టరమ్మ నవ్వలేదు, గడియారం చూడలేదు.

"అయితే నాకి పిచ్చా?" అన్నాడు చివరికి కూలబడి.

"పిచ్చి కాదప్పా. కొందరి మనసుకి పడుచు వయసు నుంచే ఒక దారి పడిపోయుంటాది. ఎవర్ని చూసినా, వీళ్లు నన్ను ముంచుతారేమో అని ఆ దారిలోనే పోతాది. పర్సనాలిటీ డిజార్డర్ అంటాము. మీకి భయమైతాది గదా?"

ఎందుకు అనుమానిస్తావని అడిగినవాళ్లు ఊరినిండా ఉన్నారు. భయమేస్తోందా అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. గంగాధరప్ప భుజం మీది టవలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మాత్ర ఇస్తారా?"

"నిద్రకో, దిగులుకో కావాలంటే కొన్నాళ్లు ఇస్తాము. గుణాన్ని తిప్పే మాత్ర లేదు. మాటలే మందు. వారం వారం రావల్ల. నెలలు పడతాది, ఏండ్లు గూడా పట్టొచ్చు."

మొదటి నాలుగు మంగళవారాలు ఆయనే డాక్టరును విచారించాడు. ఐదో వారం ఆమె ఒక నోటుపుస్తకం ఇచ్చింది. అనుమానం వచ్చినప్పుడల్లా దాన్ని రాసి, కింద ఇంకో రెండు కారణాలు రాయాలి. ఆయన శ్రద్ధగా రాశాడు. 'అంబరీష్ తొందరగా షట్టరు దించినాడు. ఒకటి, నా మీద ఏదో పన్నాగం. రెండు, జ్వరం. మూడు, క్రికెట్టు.' విచారిస్తే మూడోది నిజమని తేలింది. గంగాధరప్పకు కొంచెం నిరాశ కూడా కలిగింది.

పద్నాలుగో వారం అంగడి ఎదుటి హోటలు నుంచి టీ తెప్పించుకున్నాడు. రుచి చూసేవాళ్లు ఎవరూ లేరు. కళ్లు మూసుకుని తాగేశాడు. అరగంట సేపు మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

"తాగినా."

"ఏంది?" అంది మునిరత్నమ్మ కంగారుగా.

"టీ. అంగట్లో. నేనే."

"చల్లారిందా?" అని మాత్రం అడిగింది.

"లేదు. కాలింది" అన్నాడాయన గర్వంగా.

మరుసటి మంగళవారం వెళ్లేసరికి వరండా చివరి గదికి కొత్త బోర్డు తగిలించి ఉంది. 'మొటిమలు, మచ్చలు, అవాంఛిత రోమాలకు లేజర్ చికిత్స.'

ట్రస్టు అధ్యక్షుడు చెన్నరాయప్పను నిలదీశాడు.

"ఆమెను వద్దనుకున్నాము అన్నా. దినమంతా కూర్చున్నా ఎనిమిది మందే. ఒక ఇంజక్షన్ లేదు, ఒక స్కానింగు లేదు. సుమ్నే, ఊరికే మాట్లాడేదానికి డాక్టరు యాల? ఇంట్లో మాట్లాడుకుంటే పోలే!"

ఎంత సత్యం! మాటలు ఉచితంగా దొరుకుతుంటే గది ఎందుకు, కుర్చీ ఎందుకు?

గంగాధరప్ప ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిచాడు. ఒకటి, నా మీద కుట్ర. రెండు, లాభం లేదని. మూడో కారణం చాలాసేపటికి గానీ తట్టలేదు. 'నేనున్నట్టు వాళ్లకి గుర్తే లేదు.' ఇందులో ఏది నిజమో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. కుట్ర అయి ఉంటేనే బాగుండేదనిపించింది. కుట్ర పన్నేవాడు కనీసం మనల్ని తలుచుకుంటాడు.

రెండు వారాలకు ట్రస్టు వార్షికోత్సవం. హాలు కిటకిటలాడింది. చెన్నరాయప్ప మైకు ముందు నిలబడి సంవత్సరపు నివేదిక చదివాడు. కంటి ఆపరేషన్లు ఇన్ని, కాన్పులు ఇన్ని.

"మనోరోగులు, పోయిన సంవత్సరం నలభై ముగ్గురు. ఇప్పుడు సున్నా!"

చప్పట్లు మార్మోగాయి. డాక్టరును తీసేస్తే రోగం పోతుందని ఇంత తేలిగ్గా కనిపెట్టినవాళ్లకు చప్పట్లు కొట్టకుండా ఎలా ఉంటారు?

ఐదో వరుసలో గంగాధరప్ప లేచి నిలబడ్డాడు.

"నేనుండాను."

"ఏమన్నా?" అన్నాడు చెన్నరాయప్ప.

"ఆ గదికి పోయేవాళ్లలో నేనొకన్ని. నాకి బాగా కాలేదు, సగంలో ఉండాను. సున్నా అని యట్ల రాస్తారు?"

మూడు వందల తలలు వెనక్కి తిరిగాయి. అందరూ తననే చూస్తున్నారు, తన గురించే గుసగుసలాడుతున్నారు. బతుకంతా ఆయన భయపడింది దీనికే. ఇప్పుడది అక్షరాలా నిజం. మునిరత్నమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుంది, కూర్చోబెట్టడానికి కాదు.

వెనక వరుసలో మిట్టేమరి ఊరి నుంచి వచ్చిన మునివెంకటమ్మ లేచింది. "నేనుగూడా ఉండానప్పా. నన్నూ రాసుకోండి."

గోడ వారగా ఒక కాలేజీ పిల్ల లేచింది. ఆ పక్కన ఇంకొకాయన.

చెన్నరాయప్ప నివేదిక మడిచి జేబులో పెట్టుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని మైకులో ప్రకటించాడు. హాలు క్షణంలో ఖాళీ అయింది.

లెక్కలో లేని ఆ నలుగురు మాత్రం నిలబడే ఉన్నారు.